రేడియో అడిగిన ఐదంకెలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"అమెరికా అనుభవాలు" అనే విషయం మీద కాసేపు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నయాగరా జలపాతం ఫోటోలు మీ అందరి ఇళ్లలోనూ ఉన్నాయి. అక్కడి రోడ్లు ఎంత బాగుంటాయో మీ పిల్లలు ఫోనులో చెప్పే ఉంటారు. కాబట్టి నేను ఆ సంగతులు వదిలిపెట్టి ఒక కారు రేడియో గురించి చెబుతాను. ముప్పై అయిదేళ్లు ఖజానా శాఖలో గుమాస్తాగిరీ వెలగబెట్టినవాడికి కారు రేడియోతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఈ కథ తిరిగి తిరిగి మన పింఛను కాగితాల దగ్గరికే వస్తుంది.

మా తమ్ముడు ఇంజనీరు. న్యూజెర్సీలో పాతికేళ్లకు పైగా ఉన్నాడు. 2017 మార్చిలో గుండెపోటుతో పోయాడు. అప్పటికి మాకు వీసా లేదు, కడసారి చూపు దక్కలేదు. ఆ ఏడు అక్టోబరులో నేనూ మా ఆవిడా బయలుదేరి వెళ్లి నాలుగు నెలలు మా మరదలికి తోడుగా ఉన్నాం. వాళ్లకు ఒక్కడే అబ్బాయి, వేరే రాష్ట్రంలో ఉద్యోగం. అంత పెద్ద ఇంట్లో ఆ అమ్మాయి ఒక్కతే ఉండేది.

ఇంటి ముందు రెండు కార్లు ఉండేవి. ఒకటి మా మరదలు నడిపేది. రెండోది మా తమ్ముడిది, ఒక జపాన్ కంపెనీ వారి 2007 మోడలు. మార్చి నుంచి దాన్ని ఎవరూ కదపలేదు. ఎండుటాకులు పడితే మరదలు చీపురుతో దులిపేది, అంతే. నవంబరు చివర థాంక్స్ గివింగ్ సెలవులకు అబ్బాయి వచ్చి, కారును ఇలా వదిలేస్తే పాడవుతుందని స్టార్ట్ చేయబోయాడు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. బజారుకు వెళ్లి కొత్త బ్యాటరీ తెచ్చి తనే బిగించాడు. ఇంజను ఒక్క పట్టున లేచింది. మేమంతా సంతోషించాం. అప్పుడు రేడియో నొక్కాడు. పాట లేదు, మాట లేదు. తెర మీద "కోడ్" అనే అక్షరాలు మాత్రం వెలిగాయి.

"ఏమిట్రా అది?" అన్నాను.

"దొంగతనం కాకుండా పెట్టిన తాళం పెదనాన్నా. కరెంటు పోతే మళ్లీ రహస్య సంఖ్య అడుగుతుంది," అన్నాడు.

రేడియోయే కదా, పోతే పోనీ అనుకునేవాళ్లమే. కానీ ఆ సెట్టులో ఒక సీడీ ఉండిపోయింది. 2004 వేసవిలో మా తమ్ముడు ఇండియా వచ్చినప్పుడు మా అమ్మను కూర్చోబెట్టి ఆవిడకు వచ్చిన లాలిపాటలు, దంపుళ్ల పాటలు, మంగళహారతులు టేపురికార్డరులో పట్టాడు. తర్వాత ఆ క్యాసెట్టును సీడీ చేయించుకున్నాడు. క్యాసెట్టు మా ఇంట్లో ఉండి బూజు పట్టి పోయింది. ఆ తప్పు నాది. 2009లో అమ్మ పోయింది. అప్పటి నుంచి ఆమె గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క సీడీలోనే. వాడు రోజూ ఆఫీసుకు పోతూ వస్తూ దాన్నే వినేవాడట. సీడీ బయటికి వచ్చే మీట నొక్కాం. రాలేదు. తాళం పడ్డ సెట్టు దాన్ని బయటికి వదలలేదు.

అబ్బాయి సంఖ్యలు ప్రయత్నించడం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న పుట్టినరోజు, తన పుట్టినరోజు, ఇంటి నంబరు, పెళ్లిరోజు. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. ఆ సెట్టు మీద సంఖ్య కొట్టడానికి ఉన్నవి స్టేషన్ల మీటలు ఆరే, 1 నుంచి 6 వరకు. మా తమ్ముడు పుట్టింది 1955లో. అందులో 9 కొట్టాలంటే మీటే లేదు. వాడేమో 9 ఉన్నచోట 6 కొట్టి చూస్తున్నాడు!

"ఒరే నాన్నా, కాస్త ఆగు. ఇది మీ నాన్న ఎంచుకున్న సంఖ్య కాదురా. మా పి.పి.ఓ. నంబరులాగా పైవాళ్లు కేటాయించిన సంఖ్య. ఊహిస్తే రాదు, కాగితం వెతకాలి," అన్నాను. అప్పటికే పది ప్రయత్నాలూ అయిపోయాయి. తెర మీద "తప్పు" అనే అర్థం వచ్చే అక్షరాలు పడ్డాయి. ఆ తర్వాత ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

ఇక్కడ ఆ తాళం సంగతి నాలుగు మాటల్లో మనవి చేస్తాను. 1980, 90 దశకాల్లో అమెరికా, యూరప్ నగరాల్లో కారు అద్దం పగలగొట్టి రేడియో పీక్కుపోవడం దొంగలకు నిత్యకృత్యంగా ఉండేది. న్యూయార్కులో కార్ల అద్దాలకు "ఇందులో రేడియో లేదు" అని కాగితాలు అంటించుకునేవారు. కొందరు సెట్టును పెట్టెలాగా ఊడదీసి చేత్తో పట్టుకుపోయేవారు. ఇంకొన్నిటికి ముందు పలక ఒక్కటే ఊడి వచ్చేది. వీటన్నిటికంటె తేలికైన ఉపాయంగా కంపెనీవాళ్లు కోడు పెట్టారు. రేడియోకు రెండు దారుల్లో కరెంటు వస్తుంది. ఒకటి తాళంచెవి తిప్పినప్పుడు వచ్చేది. రెండోది బ్యాటరీ నుంచి ఇరవై నాలుగు గంటలూ సన్నగా అందుతూ గడియారాన్నీ, స్టేషన్ల జ్ఞాపకాన్నీ కాపాడేది. ఈ రెండో దారి తెగితే రేడియో తనను ఎవరో పీకేశారనుకుంటుంది. మళ్లీ కరెంటు తగలగానే తన సంఖ్య చెప్పమంటుంది. పీకింది దొంగా, బ్యాటరీ మార్చిన కన్నకొడుకా అన్న తేడా దానికి తెలియదు. ఆ సంఖ్య లేకపోతే ఎత్తుకుపోయినవాడికి అది ఇటుకరాయితో సమానం.

మరునాడు అబ్బాయి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. నాకు వేరే పని లేదు కనుక కారుతోపాటు ఇచ్చిన పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఆ దేశంలో ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషిని నేనొక్కడినేనని మా మరదలు నవ్వింది. అలవాటు ఎక్కడికి పోతుంది? జి.ఓ.లు చదివిన కళ్లకు అదొక లెక్కా? రేడియో ప్రకరణంలో అంతా ఉంది. కోడు ఐదంకెలు. కారు కొన్నప్పుడు ఆ కోడూ, సెట్టు నంబరూ రాసిన చిన్న కార్డు ఇస్తారు. దాన్ని కారులో కాక ఇంట్లో భద్రపరచాలి. పదిసార్లు తప్పు కొడితే సెట్టును గంటసేపు అలాగే ఆన్ చేసి ఉంచి, ఆ తర్వాతే మళ్లీ ప్రయత్నించాలి.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ఆరు మీటలు, ఐదు స్థానాలు. ఆరును ఐదుసార్లు గుణిస్తే 7,776 సంఖ్యలు. గంటకు పది చొప్పున 778 విడతలు. తిండీ నిద్రా మానుకుని కారులో కూర్చున్నా ముప్పై రెండు రోజులు. అంటే వెతకడం తప్ప వేరే మార్గం లేదు.

అదే ప్రకరణంలో ఇంకొక మాట ఉంది. సెట్టు నంబరును ఈ పుస్తకంలో కూడా రాసి పెట్టుకోవలసిందని. చూస్తే మా తమ్ముడు ఎక్కడా ఒక్క అంకె వేయలేదు. వాడు లక్షల ఖరీదు చేసే యంత్రాలకు లెక్కలు కట్టినవాడు. ఇంటి పన్ను రసీదులు సంవత్సరాల వారీగా కుట్టి పెట్టుకున్నవాడు. నాలుగు రోజులు నేనూ మరదలూ వాడి బీరువాలన్నీ వెతికాం. ఇన్సూరెన్సు కాగితాలు, బ్యాంకు కాగితాలు, అమ్మ రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు కూడా దొరికాయి. ఆ కార్డు మాత్రం దొరకలేదు. ఎక్కడ పెట్టాడో వాడికి తెలుసు. అడగడానికి వాడు లేడు.

చివరకు ఆ కంపెనీ కార్లు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాం. కౌంటరులో ఉన్నతను మర్యాదస్తుడు. చెప్పిందంతా విని, కారు రిజిస్ట్రేషను కాగితం, మా మరదలి గుర్తింపు కార్డు అడిగాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "ఈ కారు మీ పేరున లేదు. యజమాని రావాలి," అన్నాడు.

"యజమాని చనిపోయారు. నేను ఆయన భార్యను," అంది ఆ అమ్మాయి.

అతను నిజంగానే బాధపడ్డాడు. సానుభూతి చెప్పాడు. కానీ కారు కాగితం ఆమె పేరుకు మారితే తప్ప కోడు ఇవ్వడానికి వీల్లేదన్నాడు.

ఇంటికి తిరిగి వస్తూ దారిలో ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఆయన ఉన్నన్నాళ్లూ ఈ కారుకు సర్వీసింగు చేయించింది నేనే కదా బావగారూ. ఇవాళ నేను దొంగనైపోయానా?" అంది.

ఏమని సమాధానం చెప్పను? ఆ కౌంటరు మనిషి చేసింది తప్పని నేననలేను. ఎవరో వచ్చి ఫలానావారి భార్యనంటే కోడు ఇచ్చేస్తే ఇక తాళం ఎందుకు? నియమం సరైనదే. కానీ ఆమె మాట నన్ను ముప్పై ఏళ్లు వెనక్కి తీసుకుపోయింది. ఇది నేను ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

1987లో నేనొక ఉప ఖజానా కార్యాలయంలో పింఛన్ల సీటు చూస్తున్నాను. ఒక పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆమె భర్త అటెండరుగా రిటైరై పింఛను తీసుకుంటూ పోయాడు. కుటుంబ పింఛను కోసం ఎవరిచేతనో దరఖాస్తు రాయించుకు తెచ్చింది. అందులో పి.పి.ఓ. నంబరు లేదు. పుస్తకం ఏదమ్మా అంటే, ఆ ఏడు వానలకు ఇల్లు కురిసి, పెట్టెలో కాగితాలన్నీ తడిసి ముద్దయిపోయాయంది. నేను ఆ దరఖాస్తు మీద "పి.పి.ఓ. నంబరు చూపనందున తిప్పి పంపడమైనది" అని రాసి ఇచ్చాను. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. మళ్లీ అదే రాశాను. మూడోసారి వచ్చినప్పుడు ఎండలో నడిచి వచ్చిందేమో, వరండాలో కూలబడింది. మా సబ్ ట్రెజరీ ఆఫీసరుగారు అటు పోతూ చూసి, సంగతి విని, నా దగ్గరికి వచ్చి ఒకే మాట అన్నారు. "ఏమయ్యా, ఒకసారి వెనక్కి తిరిగి చూడు."

నా కుర్చీ వెనక బీరువా ఉంది. పి.పి.ఓ.కు రెండు భాగాలని మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకటి పింఛనుదారు దగ్గర, రెండోది డబ్బు చెల్లించే ఆఫీసులో. ఆ తడిసిపోయిన పుస్తకానికి జోడీ నా వీపు వెనకే ఉంది. కట్ట విప్పి పేరు పట్టుకుని వెతికితే అరగంట కూడా పట్టలేదు. నంబరు దొరికింది. భార్య పేరు, ఆమెకు రావలసిన మొత్తం కూడా అందులోనే రాసి ఉన్నాయి.

నేను లంచం అడగలేదు. విసుక్కోలేదు. నియమం తప్పలేదు. కానీ ఆమెను అడుగుతున్న నంబరు నా దగ్గరే ఉందన్న సంగతి నాకు తట్టలేదు, లేదా తట్టినా లేవబుద్ధి కాలేదు. ఇన్నేళ్ల తర్వాత అబద్ధం ఎందుకు చెప్పాలి, రెండోదే నిజం. ఆమెకు ఐదు నెలలు ఆలస్యమైంది. బకాయిలతో సహా చేతికందిన రోజు వచ్చి, "చల్లగా ఉండు నాయనా" అని దీవించి పోయింది. ఆ దీవెన తిట్టుకంటె ఎక్కువ గుచ్చుకుంది.

న్యూజెర్సీలో ఆ సాయంత్రం మరదలితో ఇదంతా చెప్పాను. "మనం తొందరపడి అతని మీద కోపం తెచ్చుకోవద్దు అమ్మాయ్. అడిగిన కాగితం తయారుచేద్దాం. నాకు తెలిసిన పని ఇదొక్కటే," అన్నాను. మర్నాటి నుంచి నేను మళ్లీ గుమాస్తానయ్యాను. మరణ ధ్రువీకరణ పత్రం, వివాహ ధ్రువీకరణ పత్రం, కారు హక్కు పత్రం, ఒక్కొక్కటి నకళ్లు తీయించి, వరుసగా నంబర్లు వేసి, పైన జాబితా రాసి ఫైలు కట్టాను. అక్కడి మోటారు వాహనాల ఆఫీసులో ఆమె క్యూలో నిలబడి పని పూర్తిచేసుకుంది. ఎలాగూ ఇన్సూరెన్సుకు కూడా ఆ మార్పు కావలసినదే. తొమ్మిది నెలలుగా ఆ పని వాయిదా వేస్తూ వచ్చింది. ఆయన పేరు కొట్టివేయడానికి చెయ్యి రాలేదని తర్వాత మా ఆవిడతో చెప్పిందట.

డిసెంబరులో కొత్త కాగితంతో మళ్లీ అదే దుకాణానికి వెళ్లాం. అదే మనిషి. మమ్మల్ని గుర్తుపట్టాడు. కాగితం చూసి, సెట్టు నంబరు కావాలన్నాడు. కార్డు పోయిందంటే మళ్లీ తిప్పి పంపుతాడేమోనని నా గుండె దడదడలాడింది. అతను మాత్రం కౌంటరు వదిలి, కోటు తొడుక్కుని, మంచులో మాతోపాటు కారు దగ్గరికి వచ్చాడు. రేడియో ఆపి, 1, 6 మీటలు రెండూ కలిపి నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేశాడు. తెర మీద "యు" అనే అక్షరం, పక్కన నాలుగంకెలు వచ్చాయి. తర్వాత "ఎల్" అనే అక్షరం, మరో నాలుగంకెలు. ఆ ఎనిమిదంకెలే సెట్టు నంబరు.

మేము నాలుగు రోజులు ఇల్లంతా తిరగేసిన నంబరు సెట్టు కడుపులోనే ఉంది. అడిగే విధానం తెలిసినవాడు అడిగితే అదే చెప్పింది. నాకు నా వెనక బీరువా గుర్తుకొచ్చింది.

అతను లోపలికి వెళ్లి కంప్యూటరులో చూసి, ఒక చిన్న కాగితం మీద ఐదంకెలు రాసి మా మరదలి చేతికిచ్చాడు. ఆమె కారులో కూర్చుని ఒక్కొక్క మీటా నొక్కింది. అయిదోది నొక్కగానే చిన్న చప్పుడైంది. క్షణంలో మా అమ్మ పాడుతోంది. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే, లాలిపాట నడిమధ్య నుంచి. పాట అయిపోయింది. అప్పుడు, మేమెవరమూ అనుకోలేదు, మా తమ్ముడి గొంతు వినిపించింది. "ఇంకొకటి పాడమ్మా," అన్నాడు.

రికార్డు చేసినప్పుడు వాడు పక్కనే కూర్చుని ప్రతి పాటకూ చివర ఆ మాట అన్నాడు. నేను పూర్తిగా మరిచిపోయాను. మరదలు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. సీడీ అయ్యేదాకా మేమెవరమూ కారు దిగలేదు. బయట మంచు పడుతూనే ఉంది.

ఆ రాత్రే అబ్బాయికి ఫోను చేసి, సీడీకి నాలుగు నకళ్లు తీయించే ఏర్పాటు చేశాం. ఒకటి మా ఇంట్లో ఉంది. ఆ ఐదంకెలను మరదలు రెండుచోట్ల రాసుకుంది. ఎక్కడ రాసిందో కొడుక్కు చెప్పింది. సెట్టు నంబరును కారు పుస్తకంలో నేనే స్వయంగా గుండ్రంగా రాసి, కింద తేదీ వేశాను.

ఇక మీలో చాలామంది ఇళ్లలో పిల్లల కార్లు ఉన్నాయి కనుక నాలుగు పనికొచ్చే మాటలు. పాత హోండా కార్లు చాలావాటిలో కోడు ఐదంకెలు. ఫోర్డు వారి పాత సెట్లలో తరచుగా నాలుగంకెలు. ఫోక్స్‌వాగన్, స్కోడా పాత సెట్లు తాళం పడితే "సేఫ్" అని చూపిస్తాయి. వాటిలో రెండుసార్లు తప్పు కొడితే గంటసేపు ఆగవలసిందే. కొన్ని కొత్త మోడళ్లలో కోడు కొట్టే పని లేదు, ఆన్ మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే సెట్టు తన కారును తానే గుర్తుపడుతుంది. ఏ కారైనా బ్యాటరీ మార్చేముందు కోడు కార్డు ఉందో లేదో చూసుకోండి. ఊహించి కొట్టకండి. ముందు పుస్తకం చదవండి. పాత కారు కొంటుంటే ఆర్.సి. పుస్తకం, రెండో తాళంచెవి అడిగినట్లే ఈ కార్డూ అడగండి. కార్డు పోతే కారు కాగితాలతో ఆ కంపెనీ డీలరు దగ్గరికి వెళ్లండి. కొన్ని కంపెనీలు ఇంటర్నెట్టులో కూడా ఇస్తాయి. దానికి సెట్టు నంబరుతోపాటు కారుకుండే 17 అక్షరాలూ అంకెల నంబరు కావాలి. ఆ 17లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండవు, ఒకటితోనూ సున్నాతోనూ పొరపడకుండా వదిలేశారు. మీ కంటికి ఓ లాగా కనబడితే అది సున్నాయే.

అసలు మనవి ఇప్పుడు. మనలో ప్రతివాడి దగ్గరా అటువంటి సంఖ్యలు ఉన్నాయి. పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా, లాకరు తాళంచెవి, ఇన్సూరెన్సు పాలసీ, ఇంటి దస్తావేజు నంబరు. మనకు అన్నీ నోటికి వచ్చు. అదే ప్రమాదం. మా తమ్ముడికీ ఆ కార్డు ఎక్కడుందో బాగా తెలుసు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక బతికి ఉన్నామని వేలిముద్రతో రుజువు చేసుకునే సదుపాయం కలిగింది. మంచిదే. కానీ మన వేలు మనతోనే పోతుంది. ఆ తర్వాత కౌంటరు ముందు నిలబడేది మన ఇల్లాలు. ఆమె నలభై ఏళ్లు మనతో కాపురం చేసినా, కాగితం లేకపోతే ఆ కౌంటరుకు ఆమె ఎవరో తెలియదు.

కాబట్టి ఈ వారంలో ఒక సాయంత్రం టీవీ కట్టేసి భార్యాభర్తలిద్దరూ కూర్చోండి. ఒక నోటుపుస్తకంలో ఏ కాగితం ఎక్కడుందో, దాని నంబరేమిటో రాయండి. రాయడం మీరు కాదు, ఆమెచేత రాయించండి. అప్పుడే ఆమెకు గుర్తుంటుంది. పి.పి.ఓ.లో ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్ కార్డులో ఉన్నట్లే ఉన్నాయో లేదో సరిచూసుకోండి. తేడా ఉంటే మీరు ఉండగానే దిద్దించండి. ఆ పుస్తకంలో ఏ.టి.ఎం. పిన్ రాయకండి. ఫోనుకు వచ్చే ఓ.టి.పి. ఎవరు అడిగినా చెప్పకండి. అది వేరు, ఇది వేరు. దొంగకు తెలియకూడనివి కొన్ని. మనవాళ్లకు తెలియకపోతే మనవాళ్లే దొంగల్లా నిలబడవలసి వచ్చేవి కొన్ని. ఈ రెండూ కలిపేసుకుని అన్నీ దాచిపెట్టడమే మనం చేస్తున్న పొరపాటు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. ఇక్కడ కూర్చున్న మన పిల్లల్లో కొందరు ఇవాళ ఏదో ఒక కౌంటరు వెనక ఉద్యోగం చేస్తున్నారు. వారికి ఈ ముసలి గుమాస్తా విన్నపం ఒక్కటే. నియమం తప్పమని నేను చెప్పను. నేనూ తప్పలేదు. కానీ ఎదుటి మనిషిని ఒక నంబరు అడిగేముందు, ఆ నంబరు మీ వెనక బీరువాలో ఉందేమో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. న్యూజెర్సీలో ఆ కౌంటరు మనిషి మంచులోకి నడిచి వచ్చినది పది నిమిషాల పని. నేను 1987లో లేచి ఉంటే అరగంట పని.